స్లో కుక్కర్‌లో పెద్దకూర: తార్నాక వంటింటి డైరీ

ఏం కావాలో ముందే రాసుకున్నది

పొద్దున ఎనిమిదిన్నరకు గిన్నెలో వేసి ఇంటికి తాళం పెట్టాలి. రాత్రి ఏడు దాటాక తాళం తీసేసరికి పెద్దకూర, అంటే బర్రె మాంసం కూర, తయారుగా ఉండాలి. గరిటె అంచుతో నొక్కితే ముక్క విడిపోవాలి, అట్లని పిండైపోవద్దు. షేర్వా నీళ్లనీళ్లగా ఉండొద్దు. పచ్చి అల్లం ఎల్లిగడ్డ వాసన అసలే రావొద్దు. ఇంటికొచ్చాక మిగిలే పని బియ్యం కడిగి పెట్టడం ఒక్కటే కావాలి.

మా ఇంట్లో ఇద్దరం ఉద్యోగాలకు పోయేవాళ్లమే. తార్నాకలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగడం, మళ్లీ అదే దారిన రావడం, రోజంతా దానికే సరి. అందుకే పెద్దకూర మా ఇంట్లో ఆదివారం వంటగా మిగిలిపోయింది. స్లో కుక్కర్‌తో, అంటే సన్నవేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుండతో, దాన్ని వారం మధ్యలోకి తేవాలన్నదే ఈ ప్రాజెక్టు.

శనివారం: కరెంటు సంగతి

కుక్కర్ మా బావ డాలస్ నుంచి వస్తూ తెచ్చింది. 4.7 లీటర్లది. బయట రేకు తొడుగు, లోపల బరువైన పింగాణీ గిన్నె, పైన గాజు మూత. ఒకటే నాబ్: ఆఫ్, లో, హై, వార్మ్. అడుగున చీటీ మీద 120 వోల్టులు, 240 వాట్లు అని ఉంది.

మన ప్లగ్గులో వచ్చేది 230. వేడెక్కే తీగ అదే కాబట్టి వోల్టేజీ రెట్టింపైతే లాగే కరెంటు శక్తి నాలుగింతలవుతుంది. లెక్కేస్తే ఈ 240 వాట్ల కుక్కర్ ఇక్కడ దాదాపు 880 వాట్లు లాగుతుంది, అంటే తీగ మాడిపోతుంది. పిన్నులు మార్చే అడాప్టర్ పిన్నులనే మారుస్తుంది, వోల్టేజీని కాదు. అమెరికా నుంచి మిక్సీలు, రైస్ కుక్కర్లు తెప్పించుకునే ఇళ్లలో ఈ తేడా తెలియక కాలిపోయినవి చాలానే ఉంటాయి.

కోఠి దగ్గర ట్రూప్ బజార్‌కు పోయి వోల్టేజీని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నా. షాపాయన 300 వీఏది (వీఏ అంటే అది మోయగలిగే బరువు) చాలన్నాడు. పది గంటలు ఆగకుండా నడవాల్సింది కాబట్టి 500 వీఏది తీసుకున్నా, సగం బరువు మీద నడిస్తే అంతగా వేడెక్కదు. మన దగ్గర 50 హెర్ట్జ్, అక్కడ 60, కానీ ఉత్త తీగ వేడెక్కే వస్తువుకు దాంతో పని లేదు. కొత్తగా కొనేవాళ్లకు ఈ గోలంతా అక్కర్లేదు, 230 వోల్టులవి ఇక్కడే దొరుకుతాయి.

సాయంత్రం ఉత్త నీళ్లతో పరీక్ష చేశా. లోలో పెట్టినా హైలో పెట్టినా చివరికి చేరింది ఇంచుమించు ఒకే వేడికి, 95 డిగ్రీల పైకి. హైలో సగం టైములో చేరింది, అంతే. నా కుక్కర్‌లో లో, హై అనేవి వేగం గుర్తులే తప్ప వేడి గుర్తులు కావు. ఇది తెలిశాక సగం రెసిపీలు చదవాల్సిన అవసరం పోయింది.

ఈ యంత్రానికి పేటెంటు 1940 నాటిది, ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికన్‌ది. లిథువేనియాలో యూదులు శుక్రవారం పొద్దు గూకకముందే మాంసం, గింజలు కలిపిన కుండను రొట్టెల బట్టీలో పెట్టి మర్నాడు తినేవాళ్లట. దాన్ని చోలెంట్ అంటారు. తల్లి చెప్పిన ఆ వంటే తనకు దారి చూపిందని ఆయన చెప్పుకున్నాడు. అది 1971లో క్రాక్-పాట్ పేరుతో జనంలోకి వచ్చింది. రాత్రంతా సన్నమంట మీద ఉంచి తెల్లారి వడ్డించే నహారీ ఉన్న ఊళ్లో ఇందులో వింతేముంది?

ఆదివారం: ఏ ముక్క కొనాలి

అసలు ప్రాజెక్టు ఇక్కడే గెలుస్తుంది, ఇక్కడే ఓడుతుంది. కుక్కర్ సంగతి ఆ తర్వాత.

హైదరాబాద్‌లో పెద్దకూర అన్నా, బడే కా గోష్ట్ అన్నా షాపులో తూచి ఇచ్చేది ఎక్కువగా దున్న, బర్రె మాంసం. ఆవును కోయడం 1977 నాటి చట్టం కింద నిషేధం. బర్రె మాంసాన్ని చూస్తే తెలుస్తుంది: కండ ముదురు ఎరుపు, కొవ్వు తెల్లటి తెలుపు. మేతలోని పసుపు రంగు కెరోటిన్‌ను బర్రె విటమిన్ ఏగా మార్చేసుకుంటుంది. కొవ్వూ, పాలూ రెండూ తెల్లగా ఉండేది అందుకే.

వంటకు లెక్కలోకి వచ్చేది మాత్రం జంతువు వయసు. అమెరికా రెసిపీలు రాసేవాళ్లకు దొరికేది లేత పశువు, కండ మధ్యలో కొవ్వు గీతలున్నది. మనకు దొరికేది చాలాసార్లు ముదురుది, కొవ్వు తక్కువది. కండ నారలను కట్టగట్టి పట్టుకునే కొలాజెన్ వయసుతోపాటు గట్టిపడుతుంది, దాని పోగుల మధ్య ముడులు పెరుగుతాయి. ముడి ఎంత గట్టిదైతే కరగడానికి అంత సేపు. అందుకే అక్కడ 8 గంటలని రాసింది ఇక్కడ 9, 10 అవుతుంది. ఆ రెసిపీలు తప్పని కాదు, వాళ్ల పశువు వేరు.

అందరూ అడిగేది బోన్‌లెస్. స్లో కుక్కర్‌కు అది పనికిరాదు. ఆ పేరుతో ఇచ్చే తొడ కండలో కొలాజెన్ తక్కువ. కండ నారలు 60, 70 డిగ్రీల దగ్గర ముడుచుకుని లోపలి నీళ్లను కక్కేస్తాయి, ఏ ముక్కకైనా ఇది తప్పదు. ఆ తర్వాత నోట్లో తడిగా, జిగురుగా తగిలేది కరిగిన కొలాజెన్, అంటే జెలటిన్. కరగడానికి కొలాజెనే లేని ముక్క ఎన్ని గంటలుంచితే అంత పొడిపొడి.

కావాల్సింది మోకాలి కింది కండ. ఉర్దూలో బోంగ్. కోసినప్పుడు మధ్యమధ్య తెల్లటి, సగం పారదర్శకమైన నరాలు పాయలుగా కనబడతాయి. వాటిని చూసి చాలామంది పక్కన పెట్టేస్తారు, మనకు కావాల్సింది సరిగ్గా అవే. దానికి తోడు రెండు నల్లి బొక్కలు.

షాపాయన అలవాటుగా బోన్‌లెస్ చేతిలోకి తీసుకున్నాడు. "భాయ్, అది వద్దు, బోంగ్ కావాలి" అన్నా. నన్నోసారి చూసి, "గల్నే కో టైమ్ లగ్తా. జల్దీ నక్కో కరో" అన్నాడు, మెత్తబడటానికి టైము పడుతుంది, తొందరపడొద్దని. కిలోన్నర తీసుకున్నా, ముక్కలు మామూలు కూర కంటే పెద్దవిగా, రెండంగుళాలకు తగ్గకుండా కొట్టమన్నా. చిన్నవైతే పది గంటల్లో పోగులైపోతాయి. కిలోన్నర ఎందుకంటే ఈ గిన్నె కనీసం సగం నిండాలి, మూడింట రెండొంతులు దాటొద్దు. అడుగున కొంచెమే ఉంటే త్వరగా వేడెక్కి అంచులు మాడతాయి.

వర్క్ ఫ్రం హోమ్ రోజు: థర్మామీటర్ పెట్టి చూసింది

మొదటిసారి ఇంట్లో లేకుండా నడపబుద్ధి కాలేదు. వైరున్న థర్మామీటర్ మొనను ముక్కలో గుచ్చి, వైరు మూత కింద నుంచి బయటికి తీసి లోలో పెట్టా.

ఎనిమిదిన్నరకు మొదలు. పదిన్నరకు 62. ఒంటిగంటకు 80 దాటింది. ఆ సమయంలో ఒక ముక్క తీసి కొరికితే రబ్బరు నమిలినట్టే ఉంది. వేడి చాలా ఉంది, మెత్తదనం లేదు. ఇక్కడే చాలామంది భయపడి నీళ్లు పోస్తారు, లేకపోతే ప్రెషర్ కుక్కర్‌లోకి మారుస్తారు. కొలాజెన్ 60ల్లోనే కరగడం మొదలైనా నత్తనడక. 80 దాటాక గానీ ఊపందుకోదు, అప్పుడూ గంటల పనే. మూడున్నరకు 91. ముక్క తెగుతోంది, నరం మాత్రం ఇంకా పళ్లకు తగులుతోంది. ఆరింటికి నరాలు పారదర్శకంగా మారి వణుకుతున్నాయి, గరిటె అంచు ఆనిస్తే కండ రెండు పాయలైంది. నల్లి బొక్కను పళ్లెం మీద కొడితే మూలుగ ఒక్క ముక్కగా జారి పడింది.

మూత తీసి చూసిన ప్రతిసారీ ఆవిరి పోయి వేడి పడిపోయింది, మళ్లీ ఎక్కడానికి దాదాపు 20 నిమిషాలు పట్టింది. ఆఫీసుకు పోయిన రోజు ఈ బాధే లేదు, చూడ్డానికి ఎవరూ ఉండరు.

జాగ్రత్త పడాల్సింది మొదటి రెండు గంటలు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఆ మెట్టు ఎంత తొందరగా దాటితే అంత మేలు. కాబట్టి ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డను సరాసరి ఇందులో వేయొద్దు, రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చి కరిగించాలి. మధ్యాహ్నం దానంతట అదే ఆన్ అయ్యేట్టు టైమర్ ప్లగ్గు పెట్టడం కూడా వద్దు. మే నెల హైదరాబాద్‌లో పచ్చి మాంసాన్ని నాలుగు గంటలు వంటింట్లో వదిలేయడమే అవుతుంది. నేను చేసేది: మసాలా, నీళ్లు మరిగేవే పోస్తా, స్నానం, టిఫిన్ అయ్యేదాకా హైలో ఉంచి, చెప్పులేసుకునే ముందు లోకి తిప్పుతా.

వాసన గురించి కూడా రాయాలి. ప్రెషర్ కుక్కర్ అయితే ముప్పావుగంట. ఇది రోజంతా. మధ్యాహ్నానికి మెట్ల మీదికే తెలిసిపోతుంది మా ఇంట్లో ఏం ఉడుకుతోందో. మా ఓనర్‌కు పట్టింపు లేదు కాబట్టి సరిపోయింది. ఈ ఊళ్లో అద్దె ఇల్లు వెతికినవాళ్లకు నేనింతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

షేర్వా పల్చన, దాని మందు

మొదటి కూరలో ముక్క బాగుంది, షేర్వా కాదు. ఇందులో ఆవిరి మూతకు తగిలి మళ్లీ గిన్నెలోనే పడుతుంది, పొయ్యి మీద లాగా నీళ్లు ఇంకవు. కిలోన్నర మాంసం తనంతట తానే గ్లాసుల కొద్దీ నీళ్లు వదులుతుంది, ఉల్లిగడ్డ, టమాట, పెరుగు కూడా వదిలేవే. మామూలు కొలతలో సగం కంటే తక్కువ నీళ్లు చాలు. ఇప్పుడు ఒక్క గ్లాసే పోస్తున్నా, అదీ మసాలా వేయించిన కడాయి కడిగి.

పచ్చివాసన మాత్రం నీళ్ల లెక్కతో పోదు. ఈ కుక్కర్‌లో వేడి 100 దాటదు, ఏదీ వేగదు. అందులో పచ్చి అల్లం ఎల్లిగడ్డ వేస్తే పది గంటల తర్వాత ఉడికిన పచ్చి అల్లం ఎల్లిగడ్డే వస్తుంది. ఉల్లిగడ్డ ఎర్రగా కావాలన్నా, నూనె పైకి తేలాలన్నా ముందే పొయ్యి మీద కావాలి. "అన్నీ వేసి మూత పెట్టండి" అనే వంట సూప్‌కు సరిపోతుందేమో, మన కూరకు సరిపోదు.

ముక్కలను కూడా వేయించాలా అని ఒకసారి సగం ఎర్రగా వేయించి, సగం వేయించకుండా వేశా. తేడా ఉంది, కానీ మసాలా ముందు అది కనబడదు. పొయ్యి దగ్గర ఇంకో ఇరవై నిమిషాలు నిలబడేంత లాభం లేదు. ఉల్లిగడ్డ మీద పెట్టిన శ్రద్ధకే ఫలితం ఎక్కువ.

బొప్పాయి

ఇక్కడ పెద్దకూర మెత్తబడాలంటే ఎవరినడిగినా ముందు చెప్పేది పచ్చి బొప్పాయి. కబాబులకు, పత్థర్ కా గోష్ట్‌కు అది సరైనదే, నిమిషాల్లో అయిపోయే వంటలవి. స్లో కుక్కర్‌లో ఎట్లుంటుందో చూద్దామని బొప్పాయి గుజ్జు పట్టించి ఒక పూట వండా. ముక్క పైభాగం ముద్దైంది, లోపలి నరం మాత్రం ఎప్పటిలాగే టైము తీసుకుంది. బొప్పాయిలోని పపేన్ 60, 70 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తుంది, ఆ పైన ఇంకా వేడెక్కితే చచ్చిపోతుంది. పొయ్యి మీద ఆ మెట్టు నిమిషాల్లో దాటిపోతాం. ఇందులో గంటకు పైగా అక్కడే ఉంటాం, అది కండనంతా తినేస్తుంది. ఇందులో బొప్పాయి వద్దు.

అమ్మ వచ్చిన వారం

జనగామ నుంచి అమ్మ వచ్చింది. పొద్దున నేను నాబ్ తిప్పుతుంటే చూసి, "కుక్కర్ల ఏడు విజిల్స్ పెడితే అయ్యేదానికి పొద్దంత కరెంటు గాల్చుడెందుకు బిడ్డా?" అంది. కరెంటు లెక్క చెప్పా: రోజంతా నడిచినా ట్రాన్స్‌ఫార్మర్‌తో కలిపి రెండు యూనిట్లకు అటూఇటూ. విజిల్స్ మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆమె అన్నది నిజమే. ప్రెషర్ కుక్కర్‌లో నీళ్లు 120 డిగ్రీల దాకా పోతాయి, కొలాజెన్ ముప్పావుగంటలో కరుగుతుంది. రుచి కోసమే అయితే ఈ యంత్రం అక్కర్లేదు. అది కొనేది, విజిల్స్ లెక్కపెట్టడానికి ఇంట్లో మనిషి లేనప్పుడు.

అదే రోజు మధ్యాహ్నం కరెంటు పోయి ముప్పావుగంటకు వచ్చింది. నాబ్ మోడల్ కాబట్టి తిరిగి తనంతట తానే మొదలైంది. అంకెలు చూపించే డిజిటల్ మోడళ్లలో కొన్ని కరెంటు పోతే సెట్టింగు మర్చిపోయి ఆఫ్‌లోనే ఉండిపోతాయి. మన ఊళ్లకు నాబే మంచిది. అమ్మ ఇంట్లో ఉంది కాబట్టి ఎంతసేపు పోయిందో తెలిసింది. ఇల్లు ఖాళీగా ఉండి, గంటల తరబడి పోయిందని తెలిస్తే ఆ కూర పారబోయడమే.

రాత్రి తిన్నాక, "ముక్క మంచిగుంది, పులుపు లేదు" అంది. ఆమె లెక్కలో పెద్దకూరంటే గోంగూర ఉండాలి. అందుకని గోంగూర. దాన్ని పొద్దున్నే వేస్తే రాత్రికి నల్లబడి ఆకు రుచి పోతుంది. విడిగా నూనెలో మగ్గబెట్టి డబ్బాలో పెట్టుకుని, ఇంటికొచ్చాక హైకి తిప్పి కలిపి, అన్నం ఉడికేదాకా వదిలేస్తే సరిపోయింది. మాంసం, పప్పు కలిపి పుల్లగా వండే దాల్చాకు కూడా అదే సూత్రం: శనగపప్పు ఈ వేడికి చాలా నెమ్మదిగా మెత్తబడుతుంది, అందులో పులుపు ఉంటే మరీ నెమ్మది. పప్పు, సొరకాయ ముందు ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించి, చింతపండు రసం ఆఖరున పోయాలి. పప్పుల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక: రాజ్మాను పచ్చిగా ఇందులో వేయొద్దు. అందులోని విషపదార్థం పోవాలంటే నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు కుతకుతా మరగాలి, స్లో కుక్కర్ ఆ పని చేయదు.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి

రాత్రి భోజనాలయ్యాక పని. మూడు పెద్ద ఉల్లిగడ్డలు సన్నగా తరిగి, అర కప్పు నూనెలో ఎర్రగా వేయిస్తా. రెండు ఏలకులు, నాలుగు లవంగాలు, చిన్న చెక్క ముక్క, షాజీరా. మూడు చెంచాల అల్లం ఎల్లిగడ్డ పేస్ట్ వేసి వాసన పోయేదాకా ఉంచి, పసుపు, మూడు చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి, రెండు టమాటలు. నూనె పక్కలకు తేలాక గిలకొట్టిన పెరుగు చిన్న కప్పు, అదీ మసాలాలో పూర్తిగా కలిసేదాకా. పచ్చి పెరుగును సరాసరి కుక్కర్‌లో వేస్తే విరుగుతుంది. ఇదంతా నలభై నిమిషాల పని. "ఈజీ డిన్నర్" అని ఎవరన్నా వాళ్లు దాచేది ఈ నలభై నిమిషాలనే. పని తగ్గదు, ఒంట్లో ఓపికున్న టైముకు మారుతుంది.

మసాలా ఒక డబ్బాలో, కడిగి ఉప్పు రాసిన మాంసం ఇంకో డబ్బాలో ఫ్రిజ్‌లోకి. పింగాణీ గిన్నెలోనే అన్నీ వేసి ఫ్రిజ్‌లో పెట్టొచ్చనిపిస్తుంది, కానీ చల్లటి పింగాణీకి ఒక్కసారిగా వేడి తగిలితే పగిలే ప్రమాదం ఉంది. పొద్దున మసాలాను కడాయిలో బుడగలొచ్చేదాకా వేడి చేసి, మాంసం మీద పోసి, గ్లాసు మరిగే నీళ్లతో కడాయి కడిగి అదీ పోస్తా. నల్లి బొక్కలు అడుగున, వేడి అక్కడే ముందు తగులుతుంది. గంట హైలో, తర్వాత లోలో. రాత్రి వచ్చాక గరం మసాలా, కొత్తిమీర, పుదీనా, ఉప్పు సరిచూడటం. షేర్వా ఇంకా పల్చగా అనిపిస్తే రెండు గరిటెలు కడాయిలోకి తీసి పెద్దమంట మీద ఇగరబెట్టి తిరిగి కలుపుతా. అన్నం అయ్యేలోపు అదీ అవుతుంది. బగారా అన్నం ఉంటే పండగే, లేకపోతే జొన్నరొట్టె.

కిలోన్నర మాకు రెండు పూటలకు పైనే. మిగిలింది వేడి తగ్గగానే వెడల్పు గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టాలి. మందపాటి పింగాణీ గిన్నెలోనే ఉంచితే చల్లబడటానికి రాత్రంతా పడుతుంది. మర్నాడు మూత తీస్తే షేర్వా కదలకుండా గడ్డకట్టి, వేలితో తాకితే వణుకుతుంటుంది, పైన తెల్లటి కొవ్వు పలక. ఆ పలకను చెంచాతో ఎత్తి తీసేస్తా. గడ్డ ఎంత గట్టిగా ఉంటే ముక్క అంత సరైనది కొన్నట్టు. బోన్‌లెస్‌తో ఒకసారి వండి చూస్తే గడ్డే కట్టలేదు. వేడి చేసేటప్పుడు కుక్కర్ జోలికి పోవద్దు, పొయ్యి మీద బాగా మరగాలి.

తర్వాత నాలుక, పాయా తెచ్చి నహారీ చేయాలి. పోట్లీ మసాలా దొరికింది, మూటగట్టే పల్చటి బట్ట కూడా ఉంది. దాన్ని మాత్రం పగలు కాదు, రాత్రి పదింటికి పెట్టి పొద్దున్నే తీస్తా.